సాంక్ట్ గాలెన్ గ్రంథాలయానికి షెపెనీస్ ఎలా వచ్చింది?

స్విట్జర్లాండ్‌లోని సాంక్ట్ గాలెన్ మఠ గ్రంథాలయం హాలు 1758-67 మధ్య పేటర్ థుంబ్ నిర్మాణంలో రూపుదిద్దుకుంది. చెక్కనేల అరిగిపోకుండా సందర్శకులు బూట్ల మీదే మెత్తటి చెప్పులు తొడుక్కుంటారు. తలెత్తితే పైకప్పు నిండా వానెన్‌మాహర్ చిత్రించిన తొలి నాలుగు క్రైస్తవ మహాసభలు. 1983 నుంచి ఇది ప్రపంచ వారసత్వ స్థలం. ఈ హాలులోనే గాజుపెట్టెలో ఒక స్త్రీ భౌతికకాయం, అంటే మమ్మీ, ఉంది. ఆమె పేరు షెపెనీస్, క్రీస్తుపూర్వం 7వ శతాబ్దపు ఈజిప్టు పూజారి కుమార్తె.

2022 నవంబరులో నాటక దర్శకుడు మీలో రావ్, నగరం తనకిచ్చిన సాంస్కృతిక పురస్కారాన్ని ఆమెను స్వదేశానికి పంపించే ఉద్యమానికి వినియోగిస్తానని ప్రకటించాడు. వివాదం అప్పుడు రాజుకుంది.

ఈ గొడవకు మూలం 1805లో ఉంది. అంతకు రెండేళ్ల ముందు ఏర్పడిన కొత్త కాంటన్‌కు (స్విస్ రాష్ట్రానికి) కార్ల్ ముల్లర్-ఫ్రీడ్‌బెర్గ్ పెద్ద. మఠాధిపతి పాంక్రాట్స్ ఫోర్‌స్టర్ తన పాలనాధికారం తిరిగి ఇమ్మని పట్టుబట్టాడు. ముల్లర్-ఫ్రీడ్‌బెర్గ్ ససేమిరా అన్నాడు. 1805లో మఠం రద్దయింది. సన్యాసులు పోయారు, పుస్తకాలు మిగిలాయి.

1820లో అలెగ్జాండ్రియా నుంచి ఈ ముల్లర్-ఫ్రీడ్‌బెర్గ్‌కే శవపేటికలతో సహా షెపెనీస్ కానుకగా వచ్చింది. ఆయన ఆమెను గ్రంథాలయంలో పెట్టించాడు. 1836లో ఆమె గ్రంథాలయం సొత్తయింది. అంటే ఆమెను తెచ్చింది సన్యాసులు కారు. మఠాన్ని మూయించిన రాజకీయ నాయకుడికి అందిన బహుమతి ఆమె. మఠ వారసత్వంలో ఆమె భాగమనే మాట ఇక్కడే వీగిపోతుంది.

చట్టబద్ధంగానే వచ్చిందనీ, గౌరవంగానే ఉంచామనీ గ్రంథాలయ పక్షం చెబుతుంది. ఈజిప్టులో ప్రాచీన వస్తువుల ఎగుమతిని నిషేధించింది 1835లో కాబట్టి, 1820 నాటి రవాణాకు ఆ నిషేధం వర్తించదు. నిజమే. కానీ ఆమెను సమాధి నుంచి తీసినప్పుడు ఎవరి అనుమతి తీసుకున్నారు? ప్రాచీన ఈజిప్టు నగరం థీబ్స్‌లో ఖననమైన మనిషి పరదేశంలో పుస్తకాల మధ్య ప్రదర్శనకు ఎందుకుండాలి? ఈ ప్రశ్నలకు ఆ తేదీ జవాబు చెప్పదు.

పోగొట్టుకున్నదాన్ని తిరిగి అడగడం సాంక్ట్ గాలెన్‌కు కొత్త కాదు. 1712 యుద్ధంలో జూరిచ్, బెర్న్ సేనలు ఈ గ్రంథాలయాన్ని దోచుకున్నాయి. బెర్న్ తిరిగి ఇచ్చింది. జూరిచ్ కొన్నిటిని తన దగ్గరే ఉంచుకుంది. దాదాపు మూడు శతాబ్దాల తర్వాత, 2006లో, సమాఖ్య ప్రభుత్వ మధ్యవర్తిత్వంతో రాజీ కుదిరింది. యాజమాన్యం జూరిచ్‌దేనని సాంక్ట్ గాలెన్ ఒప్పుకుంది. ఆ సంపదకు సాంక్ట్ గాలెన్ గుర్తింపుతో ముడి ఉందని జూరిచ్ చేత ఒప్పించుకుంది. 35 రాతప్రతులు గడువులేని అరువు మీద తిరిగి వచ్చాయి. 16వ శతాబ్దపు పెద్ద గోళం (గ్లోబు) మాత్రం జూరిచ్‌లోనే ఉండిపోయింది, దాని నకలు 2009లో ఇక్కడికి చేరింది.

మూలవస్తువు ఒకచోట, హక్కు మరొకచోట ఉండవచ్చని అప్పుడు వాదించి గెలిచినవారు, ఈజిప్టు విషయంలోనూ అదే కొలమానం వాడాలి. గ్రంథాలయం నేటికీ కాంటన్ కాథలిక్ సంస్థ యాజమాన్యంలోనే ఉంది. షెపెనీస్ గురించి మాట చెప్పాల్సింది ఆ సంస్థే.