వెబ్ పేజీ వెడల్పు: అపోహలు - వాస్తవాలు

అపోహ: ల్యాప్‌టాప్ స్క్రీన్ 1920 పిక్సెళ్లు కాబట్టి పేజీకి కూడా అంత చోటు దొరుకుతుంది.

దొరకదు. చాలా విండోస్ ల్యాప్‌టాప్‌లలో డిస్‌ప్లే స్కేలింగ్ (అక్షరాలు, బొమ్మలు పెద్దగా కనపడేలా చేసే సెట్టింగు) 125 శాతం ఉంటుంది. 1920ని 1.25తో భాగిస్తే 1536. బ్రౌజర్‌కి తెలిసిన స్క్రీన్ వెడల్పు అంతే. సైటుకి ఎవరెవరు ఏ స్క్రీన్‌తో వచ్చారో లెక్క చెప్పే అనలిటిక్స్ రిపోర్టులో 1536×864 చూసి, ఈ సైజు స్క్రీన్ ఎవరు అమ్ముతున్నారని క్లయింట్లు అడుగుతుంటారు. ఎవరూ అమ్మరు, అది మామూలు 1920 స్క్రీనే. స్కేలింగ్ 150 శాతం ఉంటే 1280కి దిగుతుంది.

పైగా ఇది స్క్రీన్ వెడల్పు, విండోది కాదు. ఒక పక్క ఎక్సెల్, ఇంకో పక్క మన సైటు పెట్టుకుని పనిచేసే అకౌంటెంటు గారికి 1536లో సగం, అంటే 768 మిగులుతుంది. టాబ్లెట్ కోసం చేసిన లేఔట్ ఆయన ల్యాప్‌టాప్‌లో తెరుచుకుంటుంది, మెనూ మూడు గీతల వెనక్కి పోతుంది. అందుకే నేను పేజీ తెరిచినప్పటి ఇన్నర్‌విడ్త్ (బ్రౌజర్ విండోలో పేజీకి దొరికిన వెడల్పు) విలువను అనలిటిక్స్‌కి విడిగా పంపిస్తాను. చిన్న స్క్రిప్టు చాలు. బ్రేక్‌పాయింట్లు, అంటే లేఔట్ మారే వెడల్పులు, ఎక్కడ పెట్టాలో ఆ అంకెలే చెబుతాయి.

అపోహ: 960 పిక్సెళ్లు స్టాండర్డ్.

1024×768 మానిటర్ల కాలం నాటి మాట. 12 కాలమ్‌లకైనా 16కైనా శేషం లేకుండా తెగుతుందని అప్పట్లో అందరూ వాడారు. 2010లో వెబ్ డిజైనర్ ఈథన్ మార్కాట్ రెస్పాన్సివ్ డిజైన్ (స్క్రీన్‌ని బట్టి లేఔట్ మారే పద్ధతి) గురించి రాశాక ఒకే అంకె పట్టుకుని కూర్చునే అవసరం పోయింది.

అపోహ: ఇంగ్లిష్‌లో బాగున్న వెడల్పు తెలుగుకీ సరిపోతుంది.

నాకు ఎక్కువ పని పెట్టేది ఇదే. డిజైన్‌లో లోరెమ్ ఇప్సమ్ అనే అర్థం లేని నమూనా పాఠం పెట్టి ఓకే చేయించుకుంటారు. తర్వాత అదే చోట తెలుగు పోస్తే, 360 పిక్సెళ్ల ఫోనులో పక్కపక్కన ఉన్న రెండు కార్డుల్లో "దరఖాస్తుచేసుకోవాల్సినవారు" లాంటి మాట అంచు దాటి బయటికొస్తుంది. ఫోనులో కార్డులు ఒకదాని కింద ఒకటి పెట్టడమే మేలు. డెస్క్‌టాప్‌లో 18 పిక్సెళ్ల ఫాంటుకి వ్యాసం వెడల్పు 700 దగ్గర ఆపుతాను. ఒత్తులు కింది లైనుకి తగలకుండా లైన్ హైట్ (లైను ఎత్తు) ఫాంటు సైజుకి 1.7 రెట్లు ఇస్తాను.

అపోహ: 320 వెడల్పు ఫోన్లు పోయాయి, ఇక టెస్ట్ చేయనక్కర్లేదు.

చూపు తగ్గినవాళ్లు 1280 విండోని 400 శాతం జూమ్ చేస్తే మిగిలేది సరిగ్గా 320. ఆ వెడల్పులో చదవాల్సిన పాఠం పక్కకి జరపకుండానే చదవగలిగేలా ఉండాలని డబ్ల్యూసీఏజీ (వైకల్యం ఉన్నవాళ్లూ వెబ్ వాడగలిగేలా పెట్టిన మార్గదర్శకాలు) నియమం. టెస్ట్‌కి వేరే ఫోను కొననక్కర్లేదు, కంట్రోల్ కీ, ప్లస్ నొక్కితే చాలు.