ఖాళీ చానళ్లకూ ఒక అడంగల్

చిన్నప్పుడు మా డాబా మీద ఇనప పైపుకి బిగించిన యాంటెనా ఉండేది. దానికి దూరదర్శన్ బొమ్మ చక్కగా వచ్చేది. ఆ వైరు పీకేసి, టీవీ మీద పెట్టే రెండు కమ్మీల యాంటెనా తగిలిస్తే తెర నిండా చుక్కలే. హాల్లో కూర్చుని చూసినవాళ్లు ఈ ఊరికి సిగ్నలే లేదనుకునేవాళ్లు. డాబా ఎక్కితే మాత్రం ఉన్నట్టే. టీవీ చానళ్ల మధ్య ఖాళీగా పడి ఉన్న స్పెక్ట్రమ్‌ని వేరే వైర్‌లెస్ పరికరాలకు ఇవ్వవచ్చా అని అమెరికాలో ఏళ్ల తరబడి సాగిన గొడవకి మూలం సరిగ్గా ఈ తేడాయే.

అసలు ఆ ఖాళీలు ఎక్కడివి? అమెరికాలో ఒక్కో టీవీ చానల్ వెడల్పు 6 మెగాహెర్ట్జ్. దగ్గర దగ్గర ఊళ్లలో రెండు స్టేషన్లు ఒకే చానల్ మీద ప్రసారం చేస్తే, మధ్యలో ఉన్నవాళ్లకి ఏదీ సరిగా రాదు. అందుకని వాటి మధ్య బోలెడు దూరం వదిలి లైసెన్సులు ఇస్తారు. ఆ వదిలిన మేర ఆ చానల్ బీడు పడి ఉంటుంది. దీనికే వైట్ స్పేస్ అని పేరు. పైగా ఇది మంచి నేల. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై తరంగం పొడవు సుమారు 12 సెంటీమీటర్లు. 500 మెగాహెర్ట్జ్ దగ్గర టీవీ తరంగం పొడవు 60 సెంటీమీటర్లు. పొడవైన తరంగం చెట్లనీ గోడలనీ దాటుకుని దూరం పోతుంది. ఊరికి ఊరికి మధ్య తోటలు, గుట్టలు ఉన్నచోట ఇంటర్నెట్ ఇవ్వాలంటే ఇంతకంటే ఏం కావాలి?

మొదట్లో ఇంజనీర్లకి తోచిన ఉపాయం చాలా సహజమైనది. పరికరం ముందు చెవి ఒగ్గి వినాలి, ఆ చానల్‌లో ఎవరూ లేకపోతే మాట్లాడాలి. అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2007లో నమూనా పరికరాలను ల్యాబ్‌లో పరీక్షించింది. టీవీ సిగ్నల్ ఉన్నా అవి దాన్ని నమ్మకంగా పట్టుకోలేకపోతున్నాయని తేల్చింది. అయినా ఆశ వదలకుండా 2008 నవంబర్ 4న, అంటే ఒబామా గెలిచిన ఎన్నికల రోజునే, వైట్ స్పేస్ నిబంధనలు ఆమోదించింది. అందులో వినడం గురించి పెట్టిన షరతు చూడండి: మైనస్ 114 డీబీఎం స్థాయి సిగ్నల్‌ని కూడా గుర్తుపట్టాలి (డీబీఎం అంటే సిగ్నల్ బలాన్ని కొలిచే లెక్క; మైనస్ అంకె పెరిగేకొద్దీ సిగ్నల్ సన్నబడుతుంది). డిజిటల్ టీవీకి బొమ్మ రావడానికి కావలసింది సుమారు మైనస్ 84. తేడా 30 డెసిబెల్స్, అంటే వెయ్యి రెట్లు. టీవీకి అవసరమైన దాంట్లో వెయ్యో వంతు సిగ్నల్‌ని ఈ చిన్న పరికరం పసిగట్టాలన్నమాట.

అంత కఠినంగా ఎందుకంటే, డాబా కథ వల్లే. పరికరం కింద గదిలోనో గుట్ట చాటునో ఉంటుంది, దానికేమీ వినపడదు. పక్కింటి డాబా మీద యాంటెనాకి సిగ్నల్ అందుతూనే ఉంటుంది. ఖాళీయే కదా అని పరికరం ప్రసారం మొదలుపెడితే పక్కింటి టీవీ పాడవుతుంది. సరే, చెవి బాగా పదును పెడదామంటే ఇంకో చిక్కు. ఎక్కడో చాలా దూరంలో ఉన్న స్టేషన్ తాలూకు సన్నటి జాడ కూడా వినపడుతుంది. ఆ ఊళ్లో ఏ టీవీకీ అది బొమ్మగా రాదు. అయినా పరికరం భయపడి మానుకుంటుంది, నిజంగా ఖాళీగా ఉన్న చానల్ వృథా అవుతుంది. తక్కువ వింటే పక్కవాడికి నష్టం, ఎక్కువ వింటే తనకి నష్టం. నాకు ఈ మొత్తం వ్యవహారంలో బాగా నచ్చే భాగం ఇదే. చానల్ ఖాళీయా కాదా అన్నది పరికరం ఉన్నచోట తేలే సంగతి కాదు, టీవీ చూసేవాళ్ల ఇళ్ల దగ్గర తేలే సంగతి.

2010 సెప్టెంబర్‌లో ఎఫ్‌సీసీ దారి మార్చింది. వినడం తప్పనిసరి అన్న షరతు తీసేసి, డేటాబేస్ మీద ఆధారపడింది. నువ్వేం వింటున్నావని అడగడం మానేసి, నువ్వెక్కడున్నావని అడిగింది. మన అడంగల్, తెలంగాణలో పహాణీ లాంటిదే ఇది. ఏ సర్వే నంబరులో ఎవరు సాగు చేస్తున్నారో రాసి ఉన్నట్టు, ఏ చోట ఏ చానల్ ఎవరిదో రాసి ఉంటుంది. పరికరం తానున్న చోటు చెబుతుంది, డేటాబేస్ అక్కడ వాడుకోదగ్గ చానళ్ల జాబితా ఇస్తుంది. అప్పటి నిబంధనల ప్రకారం ఒకచోట స్థిరంగా బిగించిన పరికరం రోజుకోసారైనా అడగాలి. డేటాబేస్ అందకపోతే మర్నాడు రాత్రి 11:59 వరకే గడువు, ఆ తర్వాత నోరు మూసుకోవాలి. స్థిరమైనవాటికి 4 వాట్ల దాకా, చేతిలో తీసుకెళ్లేవాటికి 100 మిల్లీవాట్ల దాకా అప్పట్లో అనుమతి ఇచ్చారు. టీవీ నడుస్తున్న చానల్‌కి ఆనుకుని ఉంటే చేతిలోవాటికి 40 మిల్లీవాట్లే.

టీవీ టవర్లు కదలవు కాబట్టి వాటి సంగతి తేలిక. వైర్‌లెస్ మైకులతోనే పెద్ద టెన్షన్. నాటకశాలల్లో, చర్చిల్లో, స్టేడియాల్లో ఏళ్లుగా అవి ఈ ఖాళీ చానళ్లలోనే పనిచేస్తున్నాయి, చాలావాటికి లైసెన్సే లేదు. గాయని డాలీ పార్టన్ కూడా 2008లో మైకుల తరఫున ఎఫ్‌సీసీకి లేఖ రాశారు. చివరికి మైకుల కోసం రెండు చానళ్లు పక్కన పెట్టారు, పెద్ద కార్యక్రమాలకి ముందే డేటాబేస్‌లో నమోదు చేసుకునే వీలిచ్చారు. పాతవాళ్ల హక్కు కాగితం మీద లేకపోయినా వాళ్ల పని ఆగకూడదని చూడడం నాకు న్యాయంగానే అనిపిస్తుంది.

2012 జనవరిలో నార్త్ కరోలినాలోని విల్మింగ్టన్ ప్రాంతంలో ఈ పద్ధతి మొదటగా అమల్లోకి వచ్చింది. మూడేళ్లు తిరిగేసరికి, భూమి రికార్డులతో తిప్పలు పడ్డ మనందరికీ బాగా తెలిసిన సమస్యే అక్కడా బయటపడింది. రికార్డులో ఒకటి, నేల మీద ఇంకొకటి. స్థిర పరికరాల్లో మూడో వంతుకి పైగా వాటి చోటు తప్పుగా నమోదైందని 2015లో టీవీ ప్రసారకర్తల సంఘం ఫిర్యాదు చేసింది. కారణం సాంకేతికం కానే కాదు. పరికరం బిగించే మనిషి అక్షాంశ రేఖాంశాలు చేత్తో టైప్ చేయవచ్చని అప్పటి నిబంధనల్లో ఉండేది. చోటు తప్పయితే జాబితా తప్పు, జాబితా తప్పయితే పక్కింటి టీవీ పోతుంది. 2019లో ఎఫ్‌సీసీ ఆ వెసులుబాటు ఎత్తేసింది. పరికరమే తన చోటుని తాను కనుక్కోవాలంది. ఇంత చిన్న దిద్దుబాటుకి నాలుగేళ్లు పట్టింది.

మన దగ్గర చిక్కుముడి ఇంత బిగువుగా లేదు. ఇక్కడ టవర్ల నుంచి టీవీ ప్రసారం చేసింది దూరదర్శన్ ఒక్కటే. 470 నుంచి 590 మెగాహెర్ట్జ్ మధ్య 8 మెగాహెర్ట్జ్ చొప్పున 15 చానళ్లు ఉన్నాయి. ఐఐటీ బొంబాయి పరిశోధకులు 2014లో లెక్కగడితే, దాదాపు ఎక్కడ చూసినా వాటిలో కనీసం 12 ఖాళీ అని తేలింది. ఆ తర్వాత 2022 నాటికి దూరదర్శన్ తన అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను చాలావరకు ఆపేసింది. పాల్‌ఘర్ పల్లెల్లో ఐఐటీ బొంబాయి, మన శ్రీకాకుళం జిల్లాలో విద్యాసంస్థలకు నెట్‌వర్క్ నడిపే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎర్నెట్, మైక్రోసాఫ్ట్ కలిసి ప్రయోగాలు చేశారు. అవి ప్రయోగాల దగ్గరే ఆగిపోయాయి. ఈ స్పెక్ట్రమ్‌ని ఊరికే ఇవ్వకూడదు, వేలం వేయాల్సిందే అని టెలికాం కంపెనీల సంఘం పట్టుబట్టింది. 2022 వేలంలో దీనికి ఎగువనున్న 600 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌ని పెడితే ఒక్క బిడ్ కూడా రాలేదు. టవర్ల చోట్లు ప్రభుత్వం దగ్గర ఉన్నాయి, అవి కూడా ఇప్పుడు కొద్దే. అమెరికా పదేళ్లు తంటాలు పడి రాసుకున్న అడంగల్ మనకి చాలా కొద్ది పేజీల్లో సరిపోతుంది. గుట్టల అవతల ఫైబర్ చేరని బళ్లు ఇంకా ఉన్నాయి. ఆ కొద్ది పేజీలు రాయడం ఇప్పుడే మొదలుపెట్టాలి.