కిట్‌లో క్లోరిన్ 3, పూల్‌లో పాచి: బిళ్లల గొడవ ఎక్కడ మొదలైంది?

ఎండలు ముదిరితే విల్లాల్లో, గేటెడ్ కమ్యూనిటీల్లో ఈ పంచాయితీ మళ్లీ మొదలవుతుంది. స్విమ్మింగ్ పూల్ నీళ్లు పచ్చబడతాయి. మెయింటెనెన్స్ కుర్రాడు టెస్ట్ కిట్ పట్టుకొచ్చి ‘క్లోరిన్ 3 ఉంది సార్, చూడండి’ అంటాడు. 3 అంటే 3 పీపీఎం, లీటరు నీళ్లకు 3 మిల్లీగ్రాములు. ఇంటాయన పచ్చటి నీళ్లకేసి చెయ్యి చూపిస్తాడు. ఇద్దరి మాటా నిజమే. ఆ కిట్ చూపించని అంకె ఇంకొకటుంది: సయనూరిక్ యాసిడ్. పూల్ వాళ్ల భాషలో స్టెబిలైజర్, పొట్టిగా సీవైఏ. డల్లాస్, హ్యూస్టన్‌లలో పూల్ ఉన్న ఇల్లు కొనుక్కున్న తెలుగువాళ్లకు ఇదే గొడవ పూల్ స్టోర్ కౌంటర్ దగ్గర ఎదురవుతుంది. ఏడాది పొడవునా క్లోరిన్ బిళ్లలు అమ్మిన దుకాణమే ఓ రోజు నీళ్లు పరీక్షించి ‘స్టెబిలైజర్ ఎక్కువైంది, సగం నీళ్లు తీసేయండి’ అంటుంది.

క్లోరిన్ క్రిములను చంపుతుందన్నదీ, ఎండకు విరిగిపోతుందన్నదీ అందరికీ తెలిసినవే. ఈ గొడవకు అసలు మూలం 1974లో ఉంది. ఓబ్రయన్, మోరిస్, బట్లర్ అనే ముగ్గురు పరిశోధకులు సీవైఏ ఉన్న నీళ్లలో క్లోరిన్ ఏ రూపంలో ఎంత ఉంటుందో కొలిచి, ఆ లెక్కలు ఆ ఏడాది ప్రచురించారు. స్టెబిలైజర్ వేసిన నీళ్లలో క్లోరిన్ చాలా భాగం సీవైఏకి అతుక్కుని ఉంటుందని తేలింది. పీహెచ్ 7.5 దగ్గర సీవైఏ 30, క్లోరిన్ 3 ఉన్న పూల్‌లో నూటికి 95 పాళ్లకు పైగా కట్టుబడే ఉంటుంది. పాచినీ క్రిములనూ చంపే పని చేసేది మిగిలిన ఆ కొంచెం, అంటే హైపోక్లోరస్ యాసిడ్. కట్టుబడి ఉన్నది ఫిక్స్‌డ్ డిపాజిట్ లాంటిది, జేబులో ఉన్నది ఖర్చయితేనే బయటికొస్తుంది.

కిట్ ఎందుకు మోసం చేస్తుందో కూడా ఇక్కడే తెలుస్తుంది. క్లోరిన్ తగిలితే గులాబీ రంగుకు మారే డీపీడీ మందును కిట్‌లోని నీళ్లలో వేయగానే అది స్వేచ్ఛగా ఉన్న క్లోరిన్‌ను లాగేసుకుంటుంది. వెంటనే సీవైఏ తన దగ్గరున్నది వదులుతుంది. దాన్నీ లాగేసుకుంటుంది. నిమిషంలోపే అంతా లెక్కలోకి వచ్చి గులాబీ రంగు 3 అని చూపిస్తుంది. ఇక మన దగ్గర చాలా పూల్స్‌లో ఇప్పటికీ వాడే, నీళ్లను పసుపు రంగుకు మార్చే ఓటీఓ మందు కిట్ మరీ అన్యాయం. చెమటతోనూ మూత్రంతోనూ కలిసి చచ్చుబడిన క్లోరిన్‌ను కూడా అది కలిపేసి చూపిస్తుంది.

1974 లెక్క సారమంతా ఒక్క మాట: క్లోరిన్ ఎంత ఉందని విడిగా అడగడంలో అర్థం లేదు, సీవైఏలో అది ఎన్నో వంతు అని అడగాలి. సీవైఏ 100కి చేరిన పూల్‌లో 3 పీపీఎం క్లోరిన్ ఉంటే, స్టెబిలైజర్ లేని నీళ్లలో అదే 3 చేసే పనిలో వందో వంతు కూడా జరగదు.

మరి సీవైఏ 100కి ఎలా చేరుతుంది? ఎవరూ డబ్బా తెచ్చి పొయ్యరు కదా. కొంచెం వెనక్కి, 1950ల చివరికీ 1960ల మొదటికీ వెళ్లాలి. సీవైఏ ఉంటే ఎండలో క్లోరిన్ నిలుస్తుందని అమెరికా రసాయన కంపెనీలు గుర్తించాయి. అది నిజంగా పనికొచ్చే విషయమే. స్టెబిలైజర్ లేని పూల్‌లో మధ్యాహ్నపు ఎండకు గంట తిరక్కుండానే సగం క్లోరిన్ పోతుంది. అయితే దాన్ని విడిగా అమ్మడంతో ఆగలేదు. క్లోరిన్‌నూ సీవైఏనూ ఒకే అణువులో పెట్టిన ట్రైక్లోర్ బిళ్ల బజారుకొచ్చింది. మన దగ్గర దాని పేరు టీసీసీఏ 90. భీమవరం వైపు రొయ్యల చెరువుల రైతులకూ తెలిసిన సరుకే. దాని తమ్ముడు ఎస్‌డీఐసీ పొడి.

లెక్క వేసి చూడండి. 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, సగటున మీటరున్నర లోతున్న పూల్‌లో 48 వేల లీటర్లు పడతాయి. 50 వేలనుకుందాం. అందులో 1 పీపీఎం అంటే 50 గ్రాములు. 200 గ్రాముల టీసీసీఏ బిళ్ల ఒకటి కరిగితే క్లోరిన్ 3.6 పీపీఎం పెరుగుతుంది. దాంతోపాటే సీవైఏ 2.2 పీపీఎం పెరుగుతుంది. ఎండాకాలంలో రోజుకు రెండున్నర పీపీఎం క్లోరిన్ తినే పూల్‌లో సీవైఏ రోజుకు ఒకటిన్నర, నెలకు 45 చొప్పున ఎక్కుతుంది. మార్చి ఒకటిన 30తో మొదలుపెడితే, బ్యాక్‌వాష్‌లో (ఫిల్టర్‌ను వెనక్కి కడిగి ఆ నీళ్లు బయటికి వదలడంలో) కొంత పోయినా ఏప్రిల్ ఆఖరుకు 100 దాటుతుంది. ఎస్‌డీఐసీ అయితే ఇంకా వేగం: 10 పీపీఎం క్లోరిన్‌కు 9 పీపీఎం సీవైఏ. క్లోరిన్ రోజూ ఖర్చయిపోతుంది, సీవైఏ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. నీళ్లు ఆవిరైనా అది ఆవిరవదు. తగ్గిన మేరకు బోరు నీళ్లు పోసినా తగ్గదు. పోయేది బ్యాక్‌వాష్‌లో, లీకుల్లో, పిల్లలు దూకినప్పుడు బయట పడే నీళ్లలో.

బిళ్లల పక్షం వాదన కూడా ఉంది. నిల్వ సులువు, బలం తగ్గదు, నీళ్ల మీద తేలే డబ్బాలో (ఫ్లోటర్) వేసి వారం మర్చిపోవచ్చు. బిళ్ల ఆమ్ల గుణం కలది కాబట్టి ఆల్కలినిటీ ఎక్కువున్న బోరు నీళ్లకు కలిసొస్తుంది కూడా. పరిశ్రమ ప్రమాణాలు సీవైఏ 30-50 మంచిది, 100 దాకా ఫరవాలేదు అంటూ వచ్చాయి. 1992లో ఫ్లోరిడాలోని పినెల్లాస్ కౌంటీ పూల్స్‌లో జరిగిన పరీక్షలో సీవైఏకీ బ్యాక్టీరియాకీ సంబంధం కనబడలేదని చాలాకాలం చూపించారు. మామూలు బ్యాక్టీరియా అతి కొద్ది క్లోరిన్‌కే చస్తుంది కాబట్టి అందులో ఆశ్చర్యం లేదు. పాచి అంత తేలిగ్గా లొంగదు. విరేచనాలు తెప్పించే, క్లోరిన్‌కు మొండికేసే క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి సరే సరి.

ఆ క్రిప్టో దగ్గరే అధికారిక వైఖరి మారింది. విరేచనాలతో పూల్ కలుషితమైనప్పుడు క్లోరిన్‌ను 20 పీపీఎంకి పెంచి కడగమని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ చెప్పేది. సీవైఏ ఉన్న నీళ్లలో ఆ మోతాదు చాలదని 2015లో వచ్చిన ప్రయోగాలు చూపించాయి. 2018 మార్గదర్శకాల్లో సీడీసీ ఈ పని మొదలుపెట్టే ముందు సీవైఏ 15కు మించకూడదని పెట్టింది. మామూలు రోజుల్లో కూడా, సీవైఏ వాడితే క్లోరిన్ కనీసం 2 ఉండాలంటుంది. వాడకపోతే 1 చాలు. 2019లో ఒక పరిశోధన పత్రం ఈతగాళ్ల కడుపు జబ్బుల ముప్పును లెక్కగట్టి, సీవైఏ క్లోరిన్‌కు 20 రెట్లు దాటకూడదంది. అంటే క్లోరిన్ సీవైఏలో కనీసం 5 శాతం. ఇళ్లల్లో పూల్ సొంతంగా చూసుకునే అమెరికన్లు అప్పటికే 7.5 శాతం సూత్రం పాటిస్తున్నారు. రెండింటికీ తేడా ఉందంటే కారణం, మొదటిది మనిషి జబ్బు లెక్క, రెండోది పాచి లెక్క.

ఆ తర్వాత బిళ్లల సరఫరా కూడా కుదుపులకు లోనైంది. 2020 ఆగస్టులో లారా తుపాను దెబ్బకు లూసియానాలోని బయోల్యాబ్ ఫ్యాక్టరీ కాలిపోయి, మరుసటి ఏడాది అమెరికాలో బిళ్లలు దొరకడమే కష్టమైంది. 2024 సెప్టెంబరులో జార్జియాలోని కాన్యర్స్‌లో అదే కంపెనీ గోదాములో మంటలు లేచి వేలమందిని ఖాళీ చేయించారు. 2025 మార్చిలో భారత ప్రభుత్వం చైనా, జపాన్‌ల టీసీసీఏ మీద టన్నుకు 276 నుంచి 986 డాలర్ల దాకా యాంటీ డంపింగ్ సుంకం వేసింది. ‘హైపోకి (సీవైఏ లేని ద్రవ క్లోరిన్, సోడియం హైపోక్లోరైట్) మారదామా’ అన్న మాట మన కమ్యూనిటీ మీటింగుల్లోకీ రావడానికి ఇది చాలు.

మారాలనుకుంటే ముందు సీవైఏ కొలవండి. పూల్ నీళ్లు, సీవైఏ పరీక్ష మందు సమానంగా కలిపి, అడుగున నల్ల చుక్క ఉన్న గొట్టంలో పోస్తూ, చుక్క కనబడకుండా పోయిన గీత చదవాలి. ఎండను వీపుకు పెట్టుకుని, గొట్టం నడుము ఎత్తులో పట్టుకోవాలి. గదిలో ట్యూబ్‌లైటు కింద చూస్తే అంకె తప్పుతుంది. ఆ మందులో ఉండి, సీవైఏతో కలిసి నీళ్లను మబ్బుగా చేసేది మెలమైన్. 2007లో అమెరికాలో పెంపుడు కుక్కల, పిల్లుల మూత్రపిండాలు పాడుచేసిన స్ఫటికాలు కూడా మెలమైన్, సీవైఏల కలయికే. 100 దాటితే గీతలు నమ్మొద్దు. పూల్ నీళ్లకు అంతే కుళాయి నీళ్లు కలిపి మళ్లీ పరీక్షించి, వచ్చినదాన్ని రెండింతలు చేయండి.

సీవైఏ 30 ఉంటే క్లోరిన్ సాయంత్రానికి కూడా 2.25 కంటే దిగకూడదు. 50కి 3.75. 100కి 7.5. డబ్బాల మీద 1-4 అని రాసి ఉంటుంది కాబట్టి సీవైఏ 50 దాటిందంటే ఆ రెండు లెక్కలూ పొసగవు.

నీళ్లు ఇప్పటికే పచ్చబడితే క్లోరిన్‌ను సీవైఏలో 40 శాతానికి ఎక్కించి, అక్కడే నిలపాలి. సీవైఏ 40 అయితే 16 పీపీఎం. 50 వేల లీటర్లలో 1 పీపీఎంకి 10 శాతం హైపో అర లీటరు పడుతుంది, కాబట్టి 1 నుంచి 16కి ఎక్కించడానికి ఏడున్నర లీటర్లు. నీళ్లు తేటపడి, రాత్రికి రాత్రి క్లోరిన్ 1 పీపీఎం మించి తగ్గకపోతేనే ఆపాలి. సీవైఏ 100 అయితే 40 పీపీఎం కావాలి. దానికంటే నీళ్లు మార్చడమే నయం. 100 నుంచి 40కి దించాలంటే 60 శాతం, అంటే 30 వేల లీటర్లు: 5 వేల లీటర్ల ట్యాంకర్లు ఆరు. మే నెలలో ఈ ఖర్చు తడిసి మోపెడవుతుంది. సీవైఏ తగ్గించే పొడులంటూ అమ్మేవాటిని నమ్ముకోవద్దు. వానాకాలంలో నీళ్లు తీయాలనుకుంటే పూర్తిగా ఖాళీ చేయొద్దు. భూగర్భ జలం పైకి ఉన్నప్పుడు ఖాళీ ఫైబర్ పూల్ నేలలోంచి పైకి లేస్తుంది.

హైపోకీ తన తంటాలున్నాయి. ఎండలో ఉంచిన క్యాన్ కొన్ని వారాల్లోనే బలం కోల్పోతుంది. నీడలో పెట్టి, వారం పది రోజులకు సరిపడానే కొనాలి. సాయంత్రం వేళ పంపు నడుస్తుండగా, నీళ్లు లోపలికొచ్చే చోట పోయాలి. స్టెబిలైజర్ 30 పీపీఎం కోసం ఒక్కసారి కిలోన్నర సీవైఏ పొడిని పాత సాక్సులో కట్టి నీళ్లు వచ్చే చోట వేలాడదీస్తే చాలు, బయటికి పోయిన నీళ్లతో తగ్గినప్పుడే మళ్లీ ఆ జోలికి వెళ్లాలి. ఊరెళ్లే వారం కోసం రెండు మూడు బిళ్లలు దాచుకోవడంలో తప్పు లేదు. అవి బ్లీచింగ్ పౌడర్‌కు గానీ కాల్షియం హైపోక్లోరైట్‌కు గానీ తగలకూడదు. ఒకే మగ్గు, ఒకే ఫీడర్ వాడినా మంట లేస్తుంది, విషవాయువు వస్తుంది.

మెయింటెనెన్స్ కాంట్రాక్టుల్లో సాధారణంగా ‘క్లోరిన్ 1-3, పీహెచ్ 7.2-7.6’ అని మాత్రమే రాసి ఉంటుంది. సీవైఏ గడి లేకపోతే ట్యాంకర్ల ఖర్చు ఇంటాయనదే అవుతుంది. కొత్త కాంట్రాక్టులో రెండు వాక్యాలు చేర్చమనండి: సీవైఏ నెలకోసారి కొలిచి రిజిస్టర్‌లో రాయాలి, వేసిన బిళ్లల బరువు కిలోల్లో రాయాలి. కిలో టీసీసీఏకు 50 వేల లీటర్లలో సీవైఏ 11 పీపీఎం పెరుగుతుంది కాబట్టి, ఈ రెండు అంకెలు కలవకపోతే ఎక్కడ తేడా ఉందో రిజిస్టరే చెబుతుంది.