యూరప్‌లో కార్ల ఉద్గారాలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: కిలోమీటరుకు 93.6 గ్రాములకు మించి కార్బన్ డయాక్సైడ్ వదిలే కారును యూరప్‌లో అమ్మకూడదు.

వాస్తవం: నిక్షేపంగా అమ్మొచ్చు. ఆ లెక్క కారుకు కాదు, కంపెనీకి. ఏడాదిలో రిజిస్టరైన దాని కొత్త కార్లన్నిటి సగటు చూస్తారు. 120 గ్రాముల పెట్రోలు కార్లు మూడు, ఎలక్ట్రిక్ కారు (సున్నా గ్రాములు) ఒకటి అమ్మితే సగటు 90. పైగా 93.6 అనేది యూరోపియన్ యూనియన్ మొత్తానికి పెట్టిన 2025 లక్ష్యం. కంపెనీ లక్ష్యం దాని కార్ల బరువును బట్టి మారుతుంది. దాటిన ప్రతి గ్రాముకూ, అమ్మిన ప్రతి కారుకూ 95 యూరోల జరిమానా. 10 లక్షల కార్లు అమ్మి 2 గ్రాములు దాటితే 19 కోట్ల యూరోలు! ఆ భారం తప్పించుకోవడానికే 2019లో ఫియట్ క్రైస్లర్ డబ్బు కట్టి మరీ ఎలక్ట్రిక్ కార్లే అమ్మే టెస్లాతో సగటు లెక్క కలుపుకుంది. 2025, 26, 27 సంవత్సరాలకైతే మూడేళ్ల సగటు చూపిస్తే చాలని ఇప్పుడు వెసులుబాటు ఇచ్చారు.

అపోహ: యూరో 6 (యూరప్ వాహన కాలుష్య ప్రమాణం) కారంటే కార్బన్ తక్కువ.

వాస్తవం: సంబంధమే లేదు. యూరో 6 పట్టించుకునేది నైట్రోజన్ ఆక్సైడ్లు (కిలోమీటరుకు డీజిల్‌కు 80 మిల్లీగ్రాములు, పెట్రోలుకు 60), మసి లాంటివాటిని. జర్మనీలో సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లు రిజిస్ట్రేషన్ పత్రంలో V.7 గడి చూడండి, కార్బన్ అంకె అక్కడుంటుంది. 95 గ్రాములు దాటిన కొద్దీ ఏటా కట్టే పన్ను పెరుగుతుంది.

అపోహ: ప్లగ్-ఇన్ హైబ్రిడ్ (ఛార్జింగ్ పెట్టుకునే బ్యాటరీ, ఇంజిన్ రెండూ ఉన్న కారు) దాదాపు ఎలక్ట్రిక్ కారే.

వాస్తవం: కాగితం మీద మాత్రమే. పరీక్షలో వచ్చిన అంకెను, ఎంత దూరం బ్యాటరీతో నడుస్తుందన్న ఊహతో తగ్గిస్తారు. ఛార్జింగ్ పెట్టకుండా తిప్పితే ఆ ఊహ కుప్పకూలుతుంది. 2021లో రిజిస్టరైన ప్లగ్-ఇన్లు రోడ్డు మీద వదిలింది పత్రంలోని అంకెకు దాదాపు మూడున్నర రెట్లని యూరోపియన్ కమిషనే తేల్చింది. 2025 నుంచి ఆ ఊహలో బ్యాటరీ దూరం వాటాను తగ్గించారు, 2027లో ఇంకా తగ్గిస్తారు. కాబట్టి పాత ప్లగ్-ఇన్ అంకెను కొత్త దానితో పోల్చకండి.

అపోహ: ఎలక్ట్రిక్ కారుకు ఉద్గార పరిమితులే ఉండవు.

వాస్తవం: యూరో 6 తర్వాతి ప్రమాణమైన యూరో 7 బ్రేకుల నుంచి రాలే ధూళిని కూడా కొలుస్తుంది. ఎలక్ట్రిక్‌కు కిలోమీటరుకు 3 మిల్లీగ్రాములు, మామూలు కార్లకు 7. కొత్త మోడళ్లకు 2026 నవంబరు 29 నుంచి అమలు.

అపోహ: పరిమితులు పెడితే జనం తమంతట తామే ఎలక్ట్రిక్ కార్లు కొంటారు.

వాస్తవం: కొనేవాడు చూసేది ధర. 2023 డిసెంబరులో జర్మనీ సబ్సిడీ ఆపేసింది, 2024లో అక్కడ ఎలక్ట్రిక్ కార్ల అమ్మకాలు 27 శాతం పడిపోయాయి. అదే ఏడాది, పెట్రోలు కార్ల మీద భారీ కొనుగోలు పన్ను వేసే నార్వేలో కొత్త కార్లలో దాదాపు 89 శాతం ఎలక్ట్రిక్. యూరోపియన్ యూనియన్‌లో 13.6 శాతమే.