ట్రెడ్‌మిల్లా, సైకిలా, క్రాస్ ట్రైనరా? జిమ్‌లో రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

జిమ్‌లో కొత్తగా చేరినవాళ్లు ట్రైనర్‌ని అడిగే మొదటి మాట దాదాపు ఒకటే. "అన్నా, వీటిలో దేని మీద చేస్తే తొందరగా తగ్గుతాం?" నేనేమో తిరిగి మోకాళ్లు ఎలా ఉన్నాయి, నడుము నొప్పి ఉందా, షుగర్‌కీ బీపీకీ మాత్రలు వాడుతున్నారా, రోజంతా కూర్చునే ఉద్యోగమా నిలబడే పనా అని అడుగుతాను. మెషిన్ పేరు చెప్పకుండా ఈ ఆరాలన్నీ ఎందుకు అన్నట్టు చూస్తారు చాలామంది. మెషిన్ ఏదైనా, దాని మీద మీ కాళ్లూ గుండే ఎంత పని చేశాయన్నదే లెక్క. చిక్కేంటంటే, మనకు తెలియకుండానే ఆ పనిని ఎగ్గొట్టే దారి ప్రతి మెషిన్‌లోనూ ఒకటి ఉంది. అపోహల్లో సగం అక్కడి నుంచి పుట్టినవే.

అపోహ: స్క్రీన్ మీద 400 క్యాలరీలు పడ్డాయంటే 400 కరిగినట్టే.

అది అంచనా మాత్రమే, అదీ చాలాసార్లు ఎక్కువ చేసి చెప్పే అంచనా. మీరు బరువు ఎంటర్ చేయకపోతే మెషిన్ తనకు ముందే ఫీడ్ చేసిన ఎవరిదో బరువుతో లెక్క వేస్తుంది. మీరు హ్యాండిల్ పట్టుకుని వేలాడుతున్నారా, సరిగ్గా నడుస్తున్నారా దానికి తెలియదు. పైగా ఆ అరగంట ఇంట్లో కుర్చీలో కూర్చున్నా ఖర్చయ్యే క్యాలరీలు కూడా చాలా మెషిన్లలో ఆ అంకెలోనే కలిసి ఉంటాయి. నడకకీ పరుగుకీ బాగా పరీక్షించిన ఫార్ములాలు ఉన్నాయి కాబట్టి ట్రెడ్‌మిల్ కాస్త నయం. నిలబడి పెడల్స్ తొక్కుతూ చేతులతో హ్యాండిల్స్ ఊపే క్రాస్ ట్రైనర్‌లో ఒక్కో కంపెనీ పెడల్ ఒక్కో రకంగా తిరుగుతుంది, దాని అంకెని అసలు నమ్మొద్దు. "క్రాస్ ట్రైనర్‌లో ఎక్కువ కరుగుతోంది, ట్రెడ్‌మిల్‌లో తక్కువ" అని రెండు మెషిన్ల అంకెలు పోల్చి మెషిన్ మార్చేసేవాళ్లని చూస్తుంటాను. ఆ పోలికకి అర్థం లేదు. అదే మెషిన్ మీద పోయిన నెల కంటే ఈ నెల ఎంత చేశారో చూసుకోవడానికైతే ఆ నంబర్ పనికొస్తుంది. పడవ తెడ్డు వేసినట్టు లాగే రోయింగ్ మెషిన్ మీద, కొన్ని మంచి సైకిళ్ల మీద వాట్స్ కనిపిస్తాయి కదా, క్యాలరీల కంటే అవి చూడండి, మీరు నిజంగా పెడుతున్న బలానికి అవే దగ్గర.

అపోహ: పరిగెడితేనే బరువు తగ్గుతారు, నడక పెద్దవాళ్లకి.

ఇది ఒక్కటి పోగొట్టగలిగితే నాకు సగం పని తప్పుతుంది. 70 కిలోల మనిషి ట్రెడ్‌మిల్ మీద గంటకు 5 కిలోమీటర్ల వేగంతో చదునుగా అరగంట నడిస్తే సుమారు 125 క్యాలరీలు. అదే మనిషి, అదే వేగం, ఇంక్లైన్ (బెల్ట్ ముందు వైపు ఎంత ఎత్తు లేవాలన్న సెట్టింగ్, శాతంలో) 12 పెడితే 300 దాటుతుంది. గంటకు 8 కిలోమీటర్ల వేగంతో చదునుగా పరిగెత్తినా అంతే వస్తుంది, అంటే ఎత్తు మీద మామూలు నడక, చదును మీద పరుగు, రెండూ గుండెకి దాదాపు ఒకే పని పెడతాయి, కాకపోతే నడకలో పాదం నేలకి కొట్టుకునే దెబ్బ చాలా తక్కువ. ఇవి వ్యాయామ శాస్త్రంలో మామూలుగా వాడే ఫార్ములాతో వేసిన లెక్కలు, మనిషిని బట్టి అటూ ఇటూ అవుతాయి.

సోషల్ మీడియాలో 12-3-30 అని తిరిగేది ఇదే. ఇంక్లైన్ 12, వేగం గంటకు 3 మైళ్లు, 30 నిమిషాలు. మన మెషిన్లలో వేగం కిలోమీటర్లలో ఉంటుంది కాబట్టి 3 అని కాదు, 4.8 అని పెట్టాలి. మొదటి రోజే 12 పెట్టకండి, పిక్కలు పట్టేసి రెండు రోజులు మెట్లు దిగలేరు. 4తోనో 5తోనో మొదలుపెట్టి వారానికి ఒకటి చొప్పున పెంచండి.

ఇక ఎగ్గొట్టే దారి సంగతి. ఇంక్లైన్ పెట్టి ముందున్న హ్యాండిల్ గట్టిగా పట్టుకుని వెనక్కి వాలిపోతారు చూడండి, అప్పుడు ఒళ్లు బెల్ట్‌కి నిటారుగా అయిపోతుంది, అంటే ఎత్తు ఎక్కుతున్నట్టు స్క్రీన్ మాత్రమే అనుకుంటోంది, మీ బరువులో కొంత చేతులు మోసేస్తున్నాయి. హాస్పిటల్లో టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపించి గుండెని చూసే పరీక్ష) చేయించుకున్నవాళ్లకి గుర్తుండే ఉంటుంది, హ్యాండిల్ గట్టిగా పట్టుకోవద్దని అక్కడ కూడా చెబుతారు, పట్టుకుంటే మీ సామర్థ్యం ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది కాబట్టి. ఆ పరీక్షలో ఎక్కువగా వాడే పద్ధతిని 1963లో రాబర్ట్ బ్రూస్ అనే అమెరికన్ కార్డియాలజిస్ట్ ప్రచురించాడు. మొదటి మూడు నిమిషాలు గంటకు 2.7 కిలోమీటర్లే, కానీ ఇంక్లైన్ 10. పరుగు లేకుండా ఎత్తుతోనే గుండెని పరీక్షించవచ్చని డాక్టర్లకి అరవై ఏళ్లుగా తెలుసు, మన జిమ్ కుర్రాళ్లే ఇంకా నమ్మడం లేదు. బ్యాలెన్స్ సమస్య ఉన్నవాళ్లు మాత్రం పట్టుకోవాల్సిందే. అలాంటప్పుడు వేగమూ ఎత్తూ తగ్గించుకుని, వేళ్లు ఆనించినట్టు పట్టుకోండి.

అపోహ: ట్రెడ్‌మిల్ మీద పరిగెడితే మోకాళ్లు అరిగిపోతాయి.

2017లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూసిన ఒక విశ్లేషణ వచ్చింది. సరదాకీ ఆరోగ్యానికీ పరిగెత్తేవాళ్లలో మోకాలి, తుంటి కీళ్ల అరుగుదల సుమారు 3.5 శాతం మందిలో కనిపిస్తే, అసలు పరిగెత్తకుండా కూర్చునే జీవితం గడిపేవాళ్లలో అది 10 శాతం పైనే. పోటీల స్థాయిలో పరిగెత్తేవాళ్లలో మాత్రం 13 శాతం దాటింది. పరుగే మోకాళ్లని కాపాడుతుందని దీన్నిబట్టి తేల్చలేం, మోకాళ్లు బాగున్నవాళ్లే పరుగు కొనసాగిస్తూ ఉండొచ్చు. కానీ మామూలు పరుగుతో అరిగిపోతాయన్న భయానికైతే ఆధారం లేదు. జనం మోకాళ్లు పాడుచేసుకునేది ఎక్కువగా తొందరపాటుతో. పదేళ్లు ఏమీ చేయకుండా, తొంభై కిలోల బరువుతో, మొదటి వారంలోనే రోజూ అరగంట పరుగు పెడితే ఏ కీలైనా మొరాయిస్తుంది. ఇప్పటికే అరుగుదల ఉందని డాక్టర్ చెప్పినవాళ్లు మాత్రం నడక, సైకిల్, క్రాస్ ట్రైనర్లతో మొదలుపెట్టడం మంచిది. ఇంకో మాట, ఇంట్లో వేసుకునే చెప్పులతో ట్రెడ్‌మిల్ ఎక్కేవాళ్లు ఇంకా ఉన్నారు. దయచేసి వద్దు.

అపోహ: క్రాస్ ట్రైనర్‌లో చేతులూ కాళ్లూ రెండూ కదులుతాయి కాబట్టి రెట్టింపు ఫలితం.

చేతులు కదలడం వేరు, చేతులు పని చేయడం వేరు. రెసిస్టెన్స్ (పెడల్ ఎంత బిగువుగా తిరగాలన్న సెట్టింగ్) 2లో పెట్టి గిరగిరా తిప్పితే బరువైన చక్రం తన ఊపుతో తానే తిరుగుతుంది, కాళ్లు దాని వెంట పోతాయంతే. తొక్కడం ఒక్క క్షణం మానేయండి. పెడల్స్ అదే ఊపులో ఇంకా బాగా తిరుగుతుంటే రెసిస్టెన్స్ చాలదని అర్థం. హ్యాండిల్స్‌ని తోయడం, లాగడం రెండూ చేయాలి, ఊరికే పట్టుకుని ఊగకూడదు. పాదం పెడల్ మీద నుంచి లేవదు కాబట్టి కీళ్లకి దెబ్బ తగలకపోవడమే దీని అసలు గొప్ప, 1990ల మధ్యలో ఈ మెషిన్ వచ్చింది కూడా ఆ మాట మీదే. కాకపోతే అడుగు పొడవు చాలా మెషిన్లలో మార్చలేం. ఐదడుగులలోపు ఎత్తున్న ఆడవాళ్లకి పెద్ద మెషిన్ మీద కాళ్లు సాగినట్టయి తుంటి దగ్గర నొప్పి వస్తుంది. అది మీ లోపం కాదు, ఆ మెషిన్ మీ కొలతకి లేదు, అంతే. వేరేదానికి మారిపోండి.

అపోహ: సైకిల్ అందరికీ సేఫ్, కూర్చుని తొక్కడమే కదా.

సీటు ఎత్తు సరిగ్గా ఉంటే సేఫ్. మా దగ్గర పదిమందిలో ఏడెనిమిది మంది సీటు బాగా కిందకి పెట్టుకుని తొక్కుతారు, దిగేటప్పుడు కాళ్లు నేలకి అందాలని. అలా తొక్కితే మోకాలు ప్రతి చుట్టులోనూ ఎక్కువగా ముడుచుకుని, మోకాలి చిప్ప దగ్గర నొప్పి మొదలవుతుంది. పెడల్ పూర్తిగా కిందకి వచ్చినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉండాలి. సులువుగా చూసుకోవాలంటే, మడమని పెడల్ మీద పెట్టి కిందకి తొక్కండి, కాలు నిటారుగా వస్తే సీటు సరిపోయినట్టు. తర్వాత పాదం ముందు భాగంతో తొక్కితే సరైన వంపు దానంతట అదే వస్తుంది. తొక్కేటప్పుడు నడుము అటూ ఇటూ ఊగుతుంటే సీటు మరీ ఎత్తయింది.

వెనక్కి ఆనుకుని కాళ్లు ముందుకి చాపి తొక్కే సైకిల్‌ని చూసి కుర్రాళ్లు నవ్వుతారు. నడుము నొప్పి ఉన్నవాళ్లకి, బరువు బాగా ఎక్కువున్నవాళ్లకి, మామూలు సైకిల్ సీటు మీద పది నిమిషాలు కూర్చోలేనివాళ్లకి అంతకంటే మంచి మెషిన్ లేదు.

సైకిల్‌తో ఒక పరిమితి ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు. శరీరం బరువుని సీటు మోస్తుంది కాబట్టి ఎముకలు గట్టిపడటానికి అది పెద్దగా ఉపయోగపడదు. నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లలో ఎముకలు వేగంగా పలచబడతాయి. అలాంటి వయసులో ఉన్న అక్కలూ అమ్మలూ సైకిల్ ఒక్కటే చేస్తానంటే నేను ఒప్పుకోను, మోకాళ్లు సహకరించినంత వరకు నడకో మెట్లో కలుపుతాను, కొంచెం బరువులు కూడా ఎత్తిస్తాను.

అపోహ: రోయింగ్ మెషిన్ చేతులకీ వీపుకీ.

ముందు కాళ్లతో తోయాలి, తర్వాత నడుము పైభాగం వెనక్కి రావాలి, చివర్లో చేతులు లాగాలి. తిరిగి మొదటి స్థానానికి వచ్చేటప్పుడు దీనికి సరిగ్గా తిరగబడిన వరుస. ఎక్కువ బలం కాళ్లదే. చేతులతో మొదలుపెట్టేవాళ్లు మూడు నిమిషాల్లో అలసిపోయి "ఇది బాగా టఫ్ అన్నా" అని దిగిపోతారు. పక్కన చక్రానికి 1 నుంచి 10 దాకా ఒక లివర్ ఉంటుంది, దాన్ని 10లో పెట్టడం మగతనం అనుకుంటారు. అది రెసిస్టెన్స్ కాదు, చక్రంలోకి ఎంత గాలి వెళ్లాలో చెప్పేది. మీరు ఎంత బలంగా లాగితే అంత ఎదురు వస్తుంది, లివర్ ఎక్కడున్నా సరే. 3 నుంచి 5 మధ్య పెట్టుకోండి. డిస్క్ సమస్య ఉంటే డాక్టర్ని అడగకుండా దీని జోలికి రావద్దు.

అపోహ: స్టెయిర్ మెషిన్ చేస్తే తొడలూ పిరుదులూ మాత్రమే తగ్గుతాయి.

ఏ కండరం పని చేస్తే అక్కడి కొవ్వే కరుగుతుందన్న రూల్ శరీరానికి లేదు. కండ గట్టిపడొచ్చు, కొవ్వు మాత్రం ఒంట్లో ఎక్కడి నుంచి తీయాలో శరీరమే చూసుకుంటుంది. సైడ్ హ్యాండిల్స్ మీద మోచేతులు వేసి వంగిపోయి ఎక్కడం ఇక్కడి ఎగవేత. అన్నట్టు, 1818 ప్రాంతంలో ఇంగ్లండ్‌లో విలియం క్యూబిట్ అనే ఇంజినీర్ ఖైదీల కోసం ట్రెడ్‌మిల్ తయారుచేశాడు. అది ఇప్పటి బెల్ట్ లాంటిది కాదు, మెట్లున్న పెద్ద చక్రం, శిక్షగా గంటల తరబడి ఎక్కించేవాళ్లు. ఆ శతాబ్దం చివర్లో అక్కడి జైళ్లలో మాన్పించారు. ఇప్పుడు మనం నెలనెలా ఫీజు కట్టి ఎక్కుతున్నాం.

అపోహ: ఫ్యాట్ బర్న్ జోన్ దాటితే కొవ్వు కరగడం ఆగిపోతుంది.

ఫ్యాట్ బర్న్ జోన్ అంటే కొవ్వు కరగడానికని మెషిన్ చూపించే గుండె వేగం హద్దు. మెల్లగా చేసినప్పుడు ఖర్చయ్యే దాంట్లో కొవ్వు శాతం ఎక్కువన్నది నిజమే. కానీ మెల్లగా చేసిన 150 క్యాలరీల్లో 60 శాతం అంటే 90, అంతే సేపు గట్టిగా చేసిన 300 క్యాలరీల్లో 40 శాతం అంటే 120. ఇది ఊరికే లెక్క అర్థం కావడానికి చెప్పిన ఉదాహరణ. ఆఖరికి రోజు మొత్తం మీద తిన్నదెంత, ఖర్చయిందెంత అన్నదే బరువుని తేలుస్తుంది. ఆ జోన్లన్నీ గుండె నిమిషానికి గరిష్ఠంగా ఎన్నిసార్లు కొట్టుకోగలదో 220లోంచి వయసు తీసేసి చెప్పే లెక్క మీద వేసినవి, అది మనిషిని బట్టి పది పన్నెండు కొట్టుకోవడాలు అటూ ఇటూ పోవడం మామూలే. బీపీకి మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటి మాత్రలు వాడేవాళ్లకి గుండె వేగం పెరగకుండా ఆ మందే ఆపుతుంది, వాళ్లు జోన్ అందలేదని ఇంకా గట్టిగా తొక్కడం ప్రమాదం. మాటతో చూసుకోండి. మాట్లాడగలిగి పాట పాడలేకపోతే మధ్యస్థం, రెండు మూడు మాటలకే ఊపిరి అందకపోతే తీవ్రం.

అపోహ: ఎంత చెమట పడితే అంత కొవ్వు పోయినట్టు.

నీళ్లు పోయాయి. మే నెలలో ఊరికే కూర్చున్నా పోతాయి. ప్లాస్టిక్ సూట్ వేసుకుని ట్రెడ్‌మిల్ ఎక్కేవాళ్లని నేను దింపేస్తాను.

అపోహ: షుగర్ ఉన్నవాళ్లు పరగడుపునే చేస్తే మంచిది.

ఇన్సులిన్ తీసుకునేవాళ్లకీ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు వాడేవాళ్లకీ పరగడుపున గట్టిగా చేస్తే షుగర్ పడిపోయే అవకాశం ఉంది. డాక్టర్‌తో మాట్లాడండి, జేబులో గ్లూకోజో చాక్లెటో ఉంచుకోండి, ట్రైనర్‌కి ముందే చెప్పండి. అన్నం తిన్నాక పది పదిహేను నిమిషాల నడక షుగర్ తగ్గడానికి బాగా సాయం చేస్తుంది, దానికి జిమ్ కూడా అక్కర్లేదు. పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు వ్యాయామం అయ్యాక మేజోళ్లు తీసి పాదాలు చూసుకోవాలి, బొబ్బ లేచినా తెలియదు కాబట్టి.

అపోహ: ఒక మంచి మెషిన్ ఎంచుకుని దానికే కట్టుబడాలి.

అక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకి చెప్పేది వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం, లేదా దాంట్లో సగం తీవ్రంగా, దాంతోపాటు కనీసం రెండు రోజులు కండరాలకి పని. మెషిన్ పేరు అందులో లేదు. రెండు మెషిన్లు పెట్టుకోండి, ఒకటి నిలబడి చేసేది, ఒకటి కూర్చుని చేసేది. సాయంత్రం రద్దీలో ట్రెడ్‌మిల్ కోసం ఇరవై నిమిషాలు ఫోన్ చూస్తూ నిలబడేకంటే ఖాళీగా ఉన్న సైకిల్ ఎక్కడం మేలు. చేస్తుండగా ఛాతీలో బరువు, ఎడమ చెయ్యో దవడో లాగడం, కళ్లు తిరగడం ఉంటే గ్యాస్ అనుకుని కొనసాగించకండి. ఆపి అప్పటికప్పుడే చెప్పండి.

అపోహ: ట్రెడ్‌మిల్ మీదున్న ఎర్ర క్లిప్ కొత్తవాళ్లకి.

అందరికీ. కాలు జారి వెనక్కి వెళ్లిపోతే క్లిప్ తాడు లాగడంతో మెషిన్‌కున్న కొస ఊడి బెల్ట్ ఆగుతుంది, క్లిప్ బట్టలకి తగిలించి ఉంటేనే. కరెంటు పోయినప్పుడు మాత్రం క్లిప్ ఏమీ చేయలేదు, పరుగులో ఉండగా బెల్ట్ కాళ్ల కింద ఉన్నట్టుండి ఆగిపోతుంది, జనరేటర్ అందుకునేలోపే మనిషి ముందుకి తూలిపోతాడు. మీ ఏరియాలో కరెంటు కోతలు ఎక్కువైతే, వేగంగా చేయాలనుకున్న రోజు కరెంటు అక్కర్లేని ఎయిర్ బైక్ మీదో స్పిన్ బైక్ మీదో చేసి, ట్రెడ్‌మిల్‌ని నడకకే ఉంచండి.