అడిగారు, రాసుకున్నారు, లెక్కపెట్టలేదు

మా అన్నయ్య కూతురు ఇంటర్ చదువుతోంది. సోంపేట బీలలో పెట్టబోయిన బొగ్గు విద్యుత్ ప్లాంటు మీద ఏదో వీడియో చూసి మొన్న నన్ను అడిగింది, "అంతమంది మైకు ముందు వద్దని చెప్పారు కదా చిన్నాన్నా, మరి అనుమతి ఎలా ఇచ్చేశారు?" అని. ఒక్క ముక్కలో చెబుదామనుకున్నా, కుదరలేదు. ప్రజాభిప్రాయ సేకరణ అంటే ఓటింగ్ లాంటిదని మన శ్రీకాకుళం జిల్లాలో ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. కాదు. అక్కడ మన మాట వింటారు, రాసుకుంటారు, వీడియో తీస్తారు. ఔనన్నవాళ్లు ఎందరు, కాదన్నవాళ్లు ఎందరు అని చూసి నిర్ణయం తీసుకోవాలని ఆ నిబంధనల్లో ఎక్కడా లేదు.

ఈ కథ బ్రిటిష్ కాలంలో మొదలైంది. 1894 భూసేకరణ చట్టం వచ్చినప్పుడు సేకరణే వద్దని చెప్పుకునే దారి లేదు. 1923లో సవరణ చేసి 5ఎ సెక్షన్ పెట్టారు. దాని ప్రకారం భూమిలో హక్కున్నవాళ్లు కలెక్టరుకి అభ్యంతరం రాసివ్వచ్చు, ఆయన విని రిపోర్టు పైకి పంపాలి, నిర్ణయం మాత్రం ప్రభుత్వానిదే. 17వ సెక్షన్ కింద 'అత్యవసరం' అని రాసేస్తే ఆ వినడం కూడా అక్కర్లేదు. ఇక బంజరులో గొడ్లు మేపుకునేవాళ్లు, చెరువులో చేపలు పట్టుకు బతికేవాళ్లు, ఆ పొలాల్లో కూలికెళ్లేవాళ్లు ఈ లెక్కలోకే రారు. ఈ చట్టమే స్వాతంత్ర్యం వచ్చాక కూడా అరవై ఆరేళ్లు నడిచింది.

భోపాల్ గ్యాస్ ప్రమాదం జరిగాక 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. దాని కింద 1994లో, పెద్ద ప్రాజెక్టులకి ముందస్తు పర్యావరణ అనుమతి తప్పనిసరి అన్నారు. జనాన్ని అడగాలన్న నిబంధన గట్టిగా చేరింది 1997 ఏప్రిల్‌లో. పట్టా ఉందా లేదా అన్నదానితో పని లేకుండా, ప్రాజెక్టు వల్ల దెబ్బతినే ఎవరైనా లేచి మాట్లాడొచ్చు అన్నది అప్పుడే వచ్చింది, అది చిన్న విషయం కాదు. ఇప్పుడు నడుస్తున్నది 2006 సెప్టెంబర్ 14 నాటి నోటిఫికేషన్. కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, కలెక్టర్ గానీ ఆయన తరఫున అదనపు జిల్లా మేజిస్ట్రేట్ స్థాయికి తగ్గని అధికారి గానీ సభ నడపాలి, కాలుష్య నియంత్రణ మండలి ఏర్పాట్లు చూడాలి. చివర్లో ఎవరేం చెప్పారో స్థానిక భాషలో చదివి వినిపించాలి. కోరం అంటూ ఏమీ లేదు, పదిమంది వచ్చినా సభ జరిగినట్టే. ప్రాజెక్టు వల్ల పర్యావరణానికి ఏమవుతుందో చెప్పే రిపోర్టులో సారాంశం మాత్రం తెలుగులో ఇస్తారు, అసలు రిపోర్టు వందల పేజీల ఇంగ్లిష్.

సోంపేటకి వద్దాం. బీల అంటే తెలియనివాళ్ల కోసం చెబుతున్నా: వానాకాలం నీళ్లు నిలిచి, చుట్టుపక్కల పొలాలకి తడి అందించే చిత్తడి నేల. సోంపేట, కవిటి, కంచిలి వైపు రైతులకి అది నీటి వనరు, చేపలు పట్టేవాళ్లకి వేట, గొడ్లకి మేత. ప్రభుత్వ కాగితాల్లో మాత్రం బీడు భూమి. 2008లో దాదాపు 970 ఎకరాలు 2,640 మెగావాట్ల బొగ్గు విద్యుత్ ప్లాంటు కోసం ఒక ప్రైవేటు కంపెనీకి కేటాయించారు. 2009 ఆగస్టులో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది, జనం వద్దన్నారు. డిసెంబర్‌లో అనుమతి వచ్చేసింది. బాధేంటంటే, సరిగ్గా ముందు నెలలోనే, నవంబర్ 26న, గోవా గనుల కేసు ఉత్కర్ష్ మండల్‌లో ఢిల్లీ హైకోర్టు ఏం చెప్పిందో చూడండి: జనం చెప్పిన అభ్యంతరాలను నిపుణుల కమిటీ పరిశీలించాలి, ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోలేదో కారణాలు రాయాలి. చెప్పిన మాటకి జవాబు ఇవ్వాలని కోర్టు అంతకంటే సూటిగా ఎలా చెబుతుంది?

అనుమతి మీద కేంద్ర విద్యుత్ శాఖ మాజీ కార్యదర్శి ఇ.ఎ.ఎస్. శర్మ, సోంపేట పర్యావరణ సంఘం వాళ్లు జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీకి వెళ్లారు. ఊళ్లో రిలే నిరాహార దీక్షలు నడుస్తున్నాయి. 2010 జూలై 14న పనులు మొదలుపెట్టడానికి పోలీసు బందోబస్తుతో వచ్చారు, జనం అడ్డుపడ్డారు, కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. అదే రోజు, అవును అదే జూలై 14న, ఢిల్లీలో అథారిటీ ఆ అనుమతిని రద్దు చేసింది. అది చిత్తడి నేల అని రైతులు మైకులో చెప్పిందే అక్కడా తేలింది. పదకొండు నెలల ముందు సభలో చెప్పినప్పుడే ఎవరైనా బీలలోకి దిగి చూసి ఉంటే ఆ రోజు అక్కడికి పోలీసులు రావాల్సిన అవసరమే ఉండేది కాదు. ఈ ఒక్క విషయం తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఎనిమిది నెలలు తిరక్కుండానే కాకరాపల్లి. అది తంపర భూమి, అంటే అదీ చిత్తడి నేలే, సంతబొమ్మాళి మండలం, పక్కనే వలస పక్షులొచ్చే తేలినీలాపురం. అక్కడా 2,640 మెగావాట్ల బొగ్గు ప్లాంటే. 2011 ఫిబ్రవరి 28న వడ్డితాండ్ర దగ్గర కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. కేంద్ర పర్యావరణ శాఖ పనులు ఆపమన్నది ఆ తర్వాతే.

కొన్నేళ్ల కిందట ఇలాంటి ఒక సభకి నేనూ వెళ్లా. ఊరు, కంపెనీ ఇక్కడ అనవసరం. బయట బారికేడ్లు, ఆధార్ చూసి లోపలికి పంపడం, ముందు వరుసల కుర్చీలన్నీ పొద్దున్నే నిండిపోవడం, మజ్జిగ ప్యాకెట్లు. ఎండు చేపలు అమ్ముకునే ఒకావిడ బుట్ట పక్కన పెట్టి మైకు దగ్గరకెళ్లింది. "బాబూ, గొట్టం నీళ్లు సముద్రంలోకి ఒదిలితే సేపలు దరికొస్తాయా? మా వోళ్లు ఎంత దూరం పోయి వల ఎయ్యాలో సెప్పండి. నాను సెప్పింది సెప్పినట్టు రాసుకోండి" అంది. తర్వాత మినిట్స్ కాపీ సంపాదించి చూశా. ఆవిడ మాట ఒక లైను అయింది: మత్స్యకారుల జీవనోపాధిపై ఆందోళన వ్యక్తం చేశారు. పక్క గడిలో కంపెనీ జవాబు: నిబంధనల ప్రకారం తగు చర్యలు తీసుకుంటాం. ఆవిడ అడిగింది ఎంత దూరం అని. దానికి జవాబు లేదు.

లెక్కపెట్టడం సాధ్యం కాదా అంటే, పార్వతీపురంలో రైలెక్కితే గంటలో వచ్చే ఒడిశా రాయగడ, దాని పక్క కలహండి జిల్లాల్లోనే లెక్కపెట్టారు. నియమగిరి కొండల్లో బాక్సైట్ గని మీద 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, గ్రామసభలే తేల్చాలంది. పన్నెండు గ్రామసభలు పెట్టారు, పన్నెండూ వద్దన్నాయి, గని రాలేదు. అక్కడ అటవీ హక్కుల చట్టం ఉంది కాబట్టి సరిపోయింది. మన బీలకి, తంపరకి అలాంటి రక్షణ లేదు.

2013 భూసేకరణ చట్టం వచ్చినప్పుడు నిజంగా సంతోషించాం. ప్రైవేటు ప్రాజెక్టుకి 80 శాతం, ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యానికి 70 శాతం బాధిత కుటుంబాలు ఒప్పుకోవాలి, సామాజిక ప్రభావ అధ్యయనం జరగాలి అంది. మొదటిసారి అంకె పెట్టిన చట్టం అది. కానీ 2018లో మన రాష్ట్రం సవరణ తెచ్చి, కొన్ని రకాల ప్రాజెక్టులకి ఈ రెండింటి నుంచీ మినహాయింపు ఇచ్చుకునే దారి తెరిచింది. 2020లో కేంద్రం ఆ 2006 నోటిఫికేషన్ స్థానంలో కొత్త ముసాయిదా ఒకటి తెచ్చి, ప్రజాభిప్రాయ సేకరణ నోటీసు గడువు 30 రోజుల నుంచి 20కి తగ్గిద్దామంది. అది ఇంగ్లిష్, హిందీల్లో ఉంటే జనం అభిప్రాయం ఎలా చెబుతారని వేసిన కేసులో, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని భాషలన్నిటిలోకీ అనువదించమని ఢిల్లీ హైకోర్టు జూన్ 30న చెప్పాల్సి వచ్చింది.

మా అమ్మాయికి చివరికి ఇదే చెప్పా. అనుమతి ఎలా ఇచ్చారంటే, వద్దన్న మాటకి జవాబు చెప్పకపోయినా పని జరిగిపోయేలా పద్ధతి ఉంది కాబట్టి ఇచ్చారు. పూర్తి రిపోర్టు తెలుగులో ఇవ్వాలి, ప్రతి అభ్యంతరానికీ విడిగా రాతపూర్వక జవాబు ఉండాలి, గ్రామసభ తీర్మానానికి విలువ ఉండాలి. ఇవి వచ్చేలోపు చేతిలో ఉన్నదైనా వదులుకోకూడదు. రాసిన కాగితం ఇచ్చి రసీదు తీసుకోవాలి, సారాంశం తెలుగులో చదివి వినిపించేదాకా కుర్చీలోంచి లేవకూడదు, తప్పు రాస్తే అక్కడికక్కడే మైకులో చెప్పాలి. అనుమతి ఇస్తే అప్పీలుకి గడువు 30 రోజులే, ఇప్పుడు వెళ్లాల్సింది చెన్నైలోని జాతీయ గ్రీన్ ట్రిబ్యునల్ బెంచికి.

ఆ రోజు మేం చివరిదాకా ఉండలేదు. మూడున్నరకి బస్సు ఉందని లేచి వచ్చేశాం. ఆవిడ కూడా బుట్ట ఎత్తుకుని మాతోపాటే రోడ్డు మీదకి నడిచింది.