ప్రింటర్ బాగానే ఉంది, డ్రైవరే పోయింది

మన జిరాక్స్ షాపుల్లో, స్కూలు ఆఫీసుల్లో ఇప్పటికీ అరగకుండా తిరుగుతున్న రెండు పాత లేజర్ ప్రింటర్లున్నాయి: హెచ్‌పీ లేజర్‌జెట్ 1020, కెనాన్ ఎల్‌బీపీ2900. కంప్యూటర్లో విండోస్ తీసేసి ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) వేస్తే మొదట మొరాయించేవి ఇవే. యంత్రంలో లోపమేమీ ఉండదు. కంప్యూటర్ పంపేదాన్ని ప్రింటర్ భాషలోకి మార్చే ప్రోగ్రామే డ్రైవర్. ఆ భాష ఎవరి గుప్పిట్లో ఉందన్నదే తగాదా.

ఈ తగాదా లినక్స్ కన్నా పాతది. 1980 ప్రాంతంలో ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలకు జిరాక్స్ 9700 లేజర్ ప్రింటర్ వచ్చింది. అంతకుముందున్న ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటే, ప్రింటు కోసం కాచుకున్నవాళ్ల స్క్రీన్ మీదకు కబురు వెళ్లేలా అక్కడి ప్రోగ్రామర్ రిచర్డ్ స్టాల్‌మన్ దాని ప్రోగ్రామును మార్చుకున్నారు. కొత్తదానికి సోర్స్ కోడ్ (మనుషులు చదివి మార్చగల ప్రోగ్రాం పాఠం) అడిగితే దొరకలేదు. 1983 సెప్టెంబరులో ఆయన, ఎవరైనా చదివి మార్చుకోగల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం గ్నూ ప్రాజెక్టును ప్రకటించడం వెనక ఈ చేదు అనుభవమూ ఉంది.

పోస్ట్‌స్క్రిప్ట్ అనే ప్రామాణిక పేజీ భాష తెలిసిన ప్రింటర్లతో పెద్దగా పేచీ లేదు. చిక్కంతా చౌక ప్రింటర్లతో వచ్చింది. ధర తగ్గించడానికి కంపెనీలు పేజీని తయారుచేసే పనిని ప్రింటర్ నుంచి కంప్యూటర్ మీదకు నెట్టేశాయి. లినక్స్‌లో ప్రింటింగ్ చూసుకునే, 1999లో వచ్చిన కప్స్ వ్యవస్థ ఫైలును ఒక్కో ఫిల్టర్ (దాని రూపం మార్చే చిన్న ప్రోగ్రాం) గుండా పంపుతుంది. ఆఖరి ఫిల్టర్ మాత్రం ఆ మోడల్ సొంత భాషలో మాట్లాడాలి. ఆ భాష బయటపెట్టని చోట మిగిలిన గొలుసంతా ఉన్నా లేనట్టే.

హెచ్‌పీ 1020 మాట్లాడే భాష జెడ్‌జే స్ట్రీమ్. దానికి ఫూ2జెడ్‌జేఎస్ అనే స్వేచ్ఛా డ్రైవర్ ఉంది. అయినా సగం కథే తీరింది. ఈ ప్రింటర్ తన ఫర్మ్‌వేర్‌ను (తనను నడిపే లోపలి ప్రోగ్రామును) తనలో నిల్వ ఉంచుకోదు, స్విచ్ వేసిన ప్రతిసారీ కంప్యూటరే పంపాలి. ఆ ఫైలు హెచ్‌పీది, మూసిపెట్టినది. అది అందకపోతే చాలాసార్లు క్యూలో జాబ్ పూర్తయినట్టే కనిపిస్తుంది, కాగితం కదలదు. హెచ్‌పీ సొంత లినక్స్ డ్రైవర్ల ప్యాకేజీ హెచ్‌ప్లిప్ సోర్స్ తెరిచే ఉంది కానీ, 1020కి అదనంగా మూసిన ప్లగిన్ (జోడింపు ఫైలు) కావాలి. ప్లగిన్ వెర్షన్, హెచ్‌ప్లిప్ వెర్షన్ అచ్చంగా కలవాలి. సిస్టమ్ అప్‌డేట్ అయిన మర్నాడు ప్రింటు ఆగిందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. టెర్మినల్లో హెచ్‌పీ-ప్లగిన్ (hp-plugin) కమాండ్ నడిపితే సరైనది మళ్లీ దిగుతుంది. రెండు డ్రైవర్లనూ ఒకేసారి ఉంచకండి, ఫర్మ్‌వేర్ పంపడానికి రెండూ పోటీపడతాయి.

ఎల్‌బీపీ2900 ఇంకా మొండిది. కెనాన్ ఇచ్చిన క్యాప్ట్ అనే డ్రైవర్లో 32-బిట్ బైనరీలు (యంత్రం భాషలోకి ముందే మార్చిన ఫైళ్లు) ఉన్నాయి. 64-బిట్ సిస్టమ్‌లో వాటికి తోడుగా 32-బిట్ లైబ్రరీలు (సహాయక ఫైళ్లు) వేయాలి. ఉబుంటు 2019లో, 19.10 నుంచి, వాటిలో చాలావాటిని వదిలేసింది. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద ప్రింట్ సర్వర్ పెడదామంటే ఇంటెల్ ప్రాసెసర్ కోసం తయారైన బైనరీ దానిలోని ఆర్మ్ ప్రాసెసర్‌పై నేరుగా నడవదు. సోర్స్ చేతికొస్తే ఆ ప్రాసెసర్‌కు తగ్గట్టు మళ్లీ కంపైల్ చేసుకునేవాళ్లం. పైగా ఈ డ్రైవర్‌కు సీసీపీడీ అనే నేపథ్య సేవ విడిగా నడవాలి. అది ఎల్‌పీ0 అనే డివైస్ పేరు కోసం చూస్తుంది. కేబుల్ పీకి పెడితే ఆ పేరు ఒక్కోసారి ఎల్‌పీ1 అవుతుంది, జాబ్ అక్కడే కూర్చుంటుంది. పరికరాలకు పేర్లు పెట్టే యూడెవ్‌లో ఒక నియమం రాసి పేరు స్థిరపరిస్తే ఈ పీడ వదులుతుంది. ఆ పేరును సృష్టించే యూఎస్‌బీఎల్‌పీ మాడ్యూల్‌ను (లినక్స్ లోపలి భాగం) బ్లాక్‌లిస్ట్‌లో పెట్టి ఉంటే ఆ పేరే పుట్టదు, అదీ చూసుకోవాలి. ప్రింటర్‌కూ కంప్యూటర్‌కూ మధ్య నడిచే సంభాషణను గమనించి రాసిన క్యాప్ట్‌డ్రైవర్ అనే స్వేచ్ఛా ప్రత్యామ్నాయం ఉంది. సోర్స్ ఉంది కాబట్టి అది రాస్ప్‌బెర్రీ పై మీదా కంపైల్ అవుతుంది.

కొత్త ప్రింటర్లలో దారి మారింది. 2010లో ఎయిర్‌ప్రింట్, 2013లో ఐపీపీ ఎవ్రీవేర్ అనే ప్రింటింగ్ ప్రమాణాలు (ఐపీపీ అంటే నెట్‌వర్క్ మీద ప్రింటర్‌తో మాట్లాడే పద్ధతి) వచ్చాక ప్రింటరే తన సామర్థ్యాన్ని ప్రామాణిక భాషలో చెప్పుకుంటోంది, మోడల్‌కో డ్రైవర్ అక్కర్లేదు. యూఎస్‌బీ కేబుల్ మీద ఈ పని ఐపీపీ-యూఎస్‌బీ అనే సేవ చేస్తుంది. అది ప్రింటర్‌ను పట్టుకున్నాక పాత డ్రైవర్‌తో పెట్టిన యూఎస్‌బీ క్యూ ఆగిపోవచ్చు. అప్పుడు పాతదాన్ని తీసేసి కొత్తగా జతచేయాలి.

కప్స్ 3 పాత పద్ధతి డ్రైవర్లను పూర్తిగా వదిలేయనుంది. 1020, 2900 లాంటివాటికి మిగిలేది ప్రింటర్ అప్లికేషన్: పాత డ్రైవర్‌ను లోపల పెట్టుకుని, బయటకు ఐపీపీ ప్రింటర్‌లా కనిపించే చిన్న ప్రోగ్రాం.